ఫైర్‌ఫాక్స్‌కు మారండి, క్రోమ్‌ను తీసేయకండి

ప్రశ్న: నమస్కారం. నేను ఇంటి నుంచే చిన్న సంస్థలకు లెక్కలు చూసిపెడతాను. నా ల్యాప్‌టాప్ పాతది, 4 జీబీ ర్యామ్. మొదటి నుంచీ క్రోమే వాడుతున్నాను. ఈ మధ్య పదిహేను, ఇరవై ట్యాబ్‌లు తెరిస్తే చాలు, ఫ్యాన్ హోరెత్తిపోతుంది, మౌస్ కూడా సరిగా కదలదు. క్రోమ్‌ను మించిన వేగం దేనికీ లేదని మా తమ్ముడంటాడు. మా అమ్మాయి వాడే బ్రౌజర్‌లో ట్యాబ్‌లు పక్కన నిలువుగా ఉంటాయి, చూడటానికి ముచ్చటగా ఉంది. నా స్నేహితురాలేమో క్రోమ్ మన గుట్టంతా గూగుల్‌కు చేరవేస్తుందని, బ్రేవ్ అనే బ్రౌజర్‌కు మారమని పోరుపెడుతోంది. ఆరోగ్యం సంగతులేవైనా నేను ఇన్‌కాగ్నిటోలోనే వెతుకుతాను. అయినా మోకాలి నొప్పి గురించి చదివిన దగ్గర్నుంచి ఎక్కడ చూసినా మోకాలి పట్టీల ప్రకటనలే. మధ్యలో ఆ విండోలోనే మెయిల్ కూడా చూసుకున్నాను. వేగం, అందం, గోప్యత మూడూ ఒకేచోట దొరుకుతాయా? లేకపోతే ఏది వదులుకోవాలి?
— ఒక పాఠకురాలు

జవాబు: ముందు తీర్పు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ఫైర్‌ఫాక్స్ దించుకోండి. అందులో యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రామ్) ఒక్కటి పెట్టుకోండి. రోజువారీ పనంతా అక్కడే చేసుకోండి. క్రోమ్‌ను మాత్రం తీసేయకండి. ఎప్పుడైనా ఒక సైటు ఫైర్‌ఫాక్స్‌లో మొరాయిస్తే అక్కరకొస్తుంది. ఏది వదులుకోవాలని అడిగారు. మీ విషయంలో వేగానికీ గోప్యతకూ అసలు పోటీయే లేదు. మీ ల్యాప్‌టాప్‌ను కుంగదీస్తున్నదీ, మోకాలి పట్టీలను మీ వెంట తిప్పుతున్నదీ చాలావరకు ఒకటే సరంజామా. దాన్ని ఆపితే రెండు బాధలూ ఒక్కసారే తగ్గుతాయి.

మీ తమ్ముడు చెప్పింది ఒకప్పుడు అక్షరాలా నిజం. 2008లో క్రోమ్ వచ్చినప్పుడు పేజీలకు కదలిక తెచ్చే జావాస్క్రిప్ట్ కోడును నడిపే తీరే మారిపోయింది. మిగతా బ్రౌజర్లు దాని ముందు నత్తనడక నడిచినట్టుండేవి. ఆ తర్వాత అందరూ పుంజుకున్నారు. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ తన లోపలి యంత్రాంగాన్ని చాలావరకు మార్చి కొత్తగా వచ్చింది. ఇప్పుడు యాపిల్, గూగుల్, ఫైర్‌ఫాక్స్‌ను తయారుచేసే మొజిల్లా వంటి పోటీదారులే కలిసి తయారుచేసిన స్పీడోమీటర్ అనే పరీక్ష ఉంది. దాని మూడో రూపం 2024లో విడుదలైంది. అందులో క్రోమ్ ముందుండవచ్చు, యాపిల్ బ్రౌజర్ సఫారీ ముందుండవచ్చు, కంప్యూటర్‌ను బట్టి మారుతుంది. కానీ ఆ తేడా సెకనులో ఏ మూలనో ఉంటుంది. బిల్లుల పోర్టల్ తెరిచి అంకెలు నింపే మీకు అది తెలియనే తెలియదు. మీకు తెలిసేదల్లా పేజీ తెరిచాక అది కుదురుకోవడానికి పట్టే సమయం. అది బ్రౌజర్ కంటే పేజీ మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది.

ఇది మీ కళ్లతో మీరే చూడవచ్చు. క్రోమ్‌లో ఏదైనా ఒక వార్తల సైటు తెరిచి, కీబోర్డు మీద ఎఫ్12 నొక్కండి. పక్కన తెరుచుకునే పలకలో నెట్‌వర్క్ అనే భాగానికి వెళ్లి పేజీని మళ్లీ లోడ్ చేయండి. మొదటి వరుసలో వార్త వస్తుంది. దాని అక్షరాల బరువు ఎంతో ఉండదు. తర్వాత బొమ్మలు, ఫాంట్లు. అక్కడితో ఆగాలి కదా, ఆగదు. మీరు ఎప్పుడూ వినని పేర్లతో వరుసలు జారుతూనే ఉంటాయి: ప్రకటనను వేలం వేసే సర్వర్లు, మీరు ఎంతసేపు చదివారో కొలిచేవి, పేజీలో ఎంత కిందికి వెళ్లారో రాసుకునేవి, ఇంతకుముందు ఏ సైటులో ఉన్నారో ఆరా తీసేవి. వార్త చదవడం ఆపి ఊరుకున్నా కొత్త వరుసలు పుడుతూనే ఉంటాయి. వీటిలో చాలావాటికి మీ ప్రాసెసరే పని చేయాలి, మీ ర్యామే చోటివ్వాలి. ఇలాంటి ట్యాబ్‌లు ఇరవై తెరిచి ఉంటే ఫ్యాన్ హోరెత్తక ఏం చేస్తుంది! యూబ్లాక్ ఆరిజిన్ చేసే పని ఈ వరుసల్లో ఎక్కువభాగాన్ని అసలు బయల్దేరనివ్వకపోవడమే. అందుకే దాన్ని కేవలం ప్రకటనలు దాచే సాధనంగా చూడకండి. పాత కంప్యూటర్‌కు అంతకంటే మంచి మందు లేదని నా నమ్మకం.

అదే ఎక్స్‌టెన్షన్‌ను క్రోమ్‌లోనే పెట్టుకోవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. ఇంతకుముందు పెట్టుకోగలిగేవాళ్లం. గూగుల్ తన ఎక్స్‌టెన్షన్ల నిబంధనలను మానిఫెస్ట్ వీ3 పేరుతో మార్చింది. పేజీ నుంచి బయటికి వెళ్లే ప్రతి అభ్యర్థననూ ఎక్స్‌టెన్షన్ స్వయంగా పరిశీలించి ఆపే అధికారాన్ని అందులో కుదించింది. భద్రత కోసం, వేగం కోసం అని గూగుల్ వాదన. దానిలో కొంత నిజముంది. అంత అధికారమున్న ఎక్స్‌టెన్షన్ చెడ్డవాళ్లదైతే పుట్టి మునుగుతుంది. కానీ ఫలితమేమిటంటే, పూర్తిస్థాయి యూబ్లాక్ ఆరిజిన్ 2025 నాటికి క్రోమ్‌లో పనిచేయడం మానేసింది. లైట్ అనే తేలికపాటి రూపం ఉంది, ఏమీ లేకపోవడం కంటే అది మేలే, కానీ పూర్తి రూపానికి సాటిరాదు. ఫైర్‌ఫాక్స్ పాత పద్ధతినీ కొనసాగిస్తోంది. నేను ఫైర్‌ఫాక్స్ పేరు చెప్పడానికి అసలు కారణం ఇదే.

ర్యామ్ గురించి ఒక మాట. బ్రౌజర్లు మెమరీ తినడం మొత్తంగా వాటి దుబారా కాదు. 2018లో స్పెక్టర్ అనే లోపం బయటపడింది. ఒక సైటులోని కోడు ప్రాసెసర్‌లోని బలహీనతను వాడుకుని పక్క సైటు సమాచారాన్ని చదవగలదని తేలింది. దాంతో క్రోమ్ ఆ ఏడాదే ఒక్కో సైటునూ వేరే ప్రక్రియగా విడదీసి నడపడం మొదలుపెట్టింది. దానివల్ల మెమరీ వాడకం 10 నుంచి 13 శాతం పెరుగుతుందని గూగులే చెప్పింది. ఫైర్‌ఫాక్స్ కూడా తర్వాత అదే దారి పట్టింది. బ్యాంకు పని ఒక ట్యాబ్‌లో, ఊరూపేరూ లేని సైటు ఇంకో ట్యాబ్‌లో తెరిచే మనకు ఆ గోడ ఉండి తీరాలి. కాబట్టి ఏ బ్రౌజర్‌కు మారినా 4 జీబీలో ఇరవై బరువైన ట్యాబ్‌లు హాయిగా నడుస్తాయని నేను మాట ఇవ్వలేను. వాడని ట్యాబ్‌లను నిద్రపుచ్చే ఏర్పాటు ఇప్పుడు క్రోమ్, మైక్రోసాఫ్ట్ ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ మూడింటిలోనూ ఉంది. మెనూలో మరిన్ని టూల్స్ కింద టాస్క్ మేనేజర్ తెరిస్తే ఏ ట్యాబ్ ఎంత మింగుతోందో కనిపిస్తుంది. ఒకట్రెండు ట్యాబ్‌లే సగం మెమరీ మింగుతున్నాయని తేలినా ఆశ్చర్యపోకండి. మీ ల్యాప్‌టాప్‌లో ఇంకా తిరిగే హార్డ్ డిస్కే ఉంటే, దాన్ని తీసేసి, తిరిగే భాగాల్లేని వేగమైన డిస్కు ఎస్‌ఎస్‌డీని పెట్టించండి. బ్రౌజర్ మార్పు ఏదీ దానికి సాటిరాదు.

ట్యాబ్‌లను నిద్రపుచ్చుతామనే ఎక్స్‌టెన్షన్లను మాత్రం వెతుక్కోకండి. ది గ్రేట్ సస్పెండర్ అని ఒకటి ఉండేది. చాలా మంచి పేరు, లక్షల మంది వాడేవారు. 2020లో దాన్ని తయారుచేసినాయన వేరొకరికి అమ్మేశాడు. కొత్త యజమాని చేతిలో అందులోకి అనుమానాస్పద కోడు చేరింది. 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని హానికరమైనదిగా ప్రకటించి తొలగించింది. ఏ సైటు తెరిచినా చదవగల అనుమతి దానికి ఉండేది మరి. ఎక్స్‌టెన్షన్ పెట్టుకోవడమంటే దాని యజమానికీ, రేపు దాన్ని కొనుక్కోబోయేవాడికీ మన తెరను చూపించడానికి ఒప్పుకోవడమే. ఇతరుల లెక్కలు మీ చేతిలో ఉన్నాయి. ఒకటి, మహా అయితే రెండు ఎక్స్‌టెన్షన్లతో ఆగండి.

ఇక గుట్టు సంగతి. మీ స్నేహితురాలి మాటలో పాలూ నీళ్లూ కలిసి ఉన్నాయి. మీరు టైపు చేసిన ప్రతి అక్షరాన్నీ క్రోమ్ గూగుల్‌కు మోసుకెళ్తుందనడం అతిశయోక్తి. కానీ గూగుల్ ఆదాయంలో అత్యధిక భాగం ప్రకటనలదే, ఆ సంస్థే మన బ్రౌజర్‌నూ తయారుచేస్తోంది. ఈ రెండూ ఒకచోట చేరినప్పుడు నిర్ణయాలు ఎటు మొగ్గుతాయో కుకీల చరిత్ర చూస్తే అర్థమవుతుంది. 1994లో నెట్‌స్కేప్‌లో పనిచేసే లూ మాంటులీ కుకీని రూపొందించాడు. సైటు మిమ్మల్ని గుర్తుపెట్టుకునేందుకు మీ కంప్యూటర్‌లోనే దాచే చిన్న చీటీ అది. అదే లేకపోతే లాగిన్ నిలవదు. చిక్కంతా పేజీలో దూరిన మూడో సంస్థ పెట్టే చీటీతోనే. ఒకే ప్రకటనల సంస్థ వంద సైట్లలో ఉంటే, వందచోట్లా తన చీటీని చదువుకుని మీ దారంతా గీసేస్తుంది. ఫైర్‌ఫాక్స్ 2019లో తెలిసిన ట్రాకర్ల (ఇలా సైటు సైటుకూ మన వెంటపడేవాటి) కుకీలను అందరికీ ఆపేసింది. 2020 మార్చికల్లా సఫారీ మూడో పక్షం కుకీలను పూర్తిగా మూసేసింది. 2022 నుంచి ఫైర్‌ఫాక్స్ ఏ సైటులో పుట్టిన కుకీని ఆ సైటుకే కట్టేసింది. గూగుల్ కూడా రెండేళ్లలో వీటిని తీసేస్తామని 2020 జనవరిలో చెప్పింది. వాయిదాల మీద వాయిదాలు వేసి, 2024 జులైలో ఆ ఆలోచనే మానుకుంది. క్రోమ్‌లో వాటిని మీరు సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆపుకోవచ్చు. కానీ వెతికి ఆపుకునేవాళ్లు ఎందరుంటారు? ముందుగా ఏది పెట్టి ఇస్తారో అదే కోట్ల మందికి శాశ్వతమైపోతుంది. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే.

మీ మోకాలి పట్టీల విషయానికొస్తే, ఇన్‌కాగ్నిటో చేసేది మీరనుకున్న పని కాదు. విండో మూసేశాక చరిత్రనూ కుకీలనూ మీ కంప్యూటర్ నుంచి తుడిచేస్తుంది. ఆ విండోలో మూడో పక్షం కుకీలను క్రోమ్ ఆపుతుంది కూడా. కానీ మీరు వెళ్లిన సైటుకు మీరు వచ్చారని తెలుసు, మీ ఇంటర్నెట్ సంస్థకు ఏ సైటుకు వెళ్లారో తెలుసు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కున్నంత మాత్రాన దారిలో పడిన అడుగుజాడలు చెరిగిపోవు కదా. పైగా మీరు ఆ విండోలోనే మెయిల్ తెరిచారు. మీ మెయిలూ, మీరు వెతికిన సెర్చ్ ఇంజినూ ఒకే సంస్థవైతే, లాగిన్ అయిన క్షణం నుంచి మీరు వెతికేదంతా మీ పేరుకే జమ అయ్యే వీలుంది. మీ మీద కన్ను పడింది బహుశా అక్కడే. ఇలా భ్రమపడింది మీరొక్కరే కాదు. దీని మీద 2020లో అమెరికాలో గూగుల్‌పై దావా పడింది. చివరికి 2024లో బయటికొచ్చిన రాజీ ఒప్పందం ప్రకారం వందల కోట్ల రికార్డులను నాశనం చేయడానికి ఆ సంస్థ ఒప్పుకుంది. ఇన్‌కాగ్నిటో తెరిచినప్పుడు కనిపించే హెచ్చరికలోని మాటలూ మారాయి. ఈసారి దాన్ని ఒక్కసారి నింపాదిగా చదవండి. ఫైర్‌ఫాక్స్ ప్రైవేట్ విండోకు కూడా ఇవే హద్దులు వర్తిస్తాయి. ఆరోగ్యం గురించి వెతకాలంటే డక్‌డక్‌గో లాంటి, ఖాతా అడగని సెర్చ్ ఇంజిన్‌ను వాడండి. ఆ విండోలో దేనిలోనూ లాగిన్ కాకండి. పని అయ్యాక విండో మూసేయండి.

బ్రేవ్ చెడ్డదని నేననను. ప్రకటనలనూ ట్రాకర్లనూ ఆపే ఏర్పాటు దానిలోనే ఉంది, ఎక్స్‌టెన్షన్ అక్కర్లేదు కాబట్టి గూగుల్ కొత్త నిబంధన దాన్ని పెద్దగా తాకదు. ఫైర్‌ఫాక్స్ మీకు ఏ కారణంతోనైనా సరిపడకపోతే బ్రేవ్‌కే వెళ్లండి. కానీ 2020లో అది ఒక తప్పు చేసింది. కొన్ని క్రిప్టోకరెన్సీ సైట్ల పేర్లు అడ్రస్ బార్‌లో టైపు చేస్తే, తనకు కమీషన్ వచ్చే కోడును వాడేవారికి చెప్పకుండా చిరునామాకు తగిలించింది. బయటపడ్డాక క్షమాపణ చెప్పి తీసేసింది. క్రిప్టో వాలెట్టూ, ప్రకటనలు చూస్తే బహుమతులూ ఇప్పటికీ అందులో ఉన్నాయి, ఆఫ్ చేసుకోవచ్చు. గోప్యత కోసం వచ్చినవారి ముందు అవి పెట్టడం నాకు రుచించదు.

మొజిల్లా కూడా పులుకడిగిన ముత్యమేమీ కాదు. దాని ఆదాయంలో ఎక్కువభాగం ఫైర్‌ఫాక్స్‌లో గూగుల్ సెర్చ్‌ను ముందుగా పెట్టినందుకు గూగుల్ ఇచ్చేదే. మీ సమాచారాన్ని ఎన్నడూ అమ్మబోమన్న హామీ వాక్యాన్ని 2025 ఫిబ్రవరిలో తన పేజీల నుంచి తీసేసి చీవాట్లు తిన్నది. కాబట్టి ఫైర్‌ఫాక్స్ పెట్టుకున్న రోజే సెట్టింగ్స్‌లో గోప్యత, భద్రత విభాగానికి వెళ్లండి. ట్రాకింగ్ రక్షణను స్ట్రిక్ట్‌కు మార్చండి, కింద సమాచార సేకరణ దగ్గరున్న టిక్కులన్నీ తీసేయండి. సెర్చ్ ఇంజిన్‌ను మీకు నచ్చినదానికి మార్చండి. స్ట్రిక్ట్‌లో ఎప్పుడైనా ఏ సైటైనా సరిగా పనిచేయకపోతే, అడ్రస్ బార్ పక్కనున్న డాలు గుర్తు నొక్కి ఆ ఒక్క సైటుకే సడలించవచ్చు.

ఇన్ని లోపాలున్నా నేను ఫైర్‌ఫాక్స్ వైపే నిలబడటానికి ఇంకో కారణముంది. పేజీని తెర మీద గీసే ఇంజిన్లు లోకంలో ఇప్పుడు ప్రధానంగా మూడే మిగిలాయి: గూగుల్ బ్లింక్, యాపిల్ వెబ్‌కిట్, మొజిల్లా గెకో. ఒపెరా 2013లో తన సొంత ఇంజిన్‌ను వదిలేసింది. మైక్రోసాఫ్ట్ తన ఎడ్జ్‌ను 2020 జనవరిలో గూగుల్ వేసిన క్రోమియం పునాది మీద మళ్లీ కట్టింది. బ్రేవ్, వివాల్డీ అనే బ్రౌజర్లదీ అదే పునాది, దానిలోని ఇంజిన్ బ్లింకే. పేర్లూ రంగులూ వేరైనా లోపల గుండె ఒకటే. వెబ్ ఎలా ఉండాలో ఒక్క సంస్థే తేల్చే రోజు రాకూడదంటే గెకో బతకాలి, అది బతకాలంటే మనలాంటి మామూలు మనుషులు దాన్ని వాడాలి. మీరు ఈ బరువు మోయాలని అడగడం లేదు, కానీ ఎటూ తేల్చుకోలేనప్పుడు త్రాసు ఇటు మొగ్గాలని కోరుకుంటాను.

అందం విషయంలో మిమ్మల్ని ఎవరూ ఒప్పించాల్సిన పని లేదు. పొద్దస్తమానం కళ్లముందుండే వస్తువు కంటికి నచ్చాలి, అది చిన్న సంగతేమీ కాదు. మీ అమ్మాయి బ్రౌజర్‌లో మీకు నచ్చిన నిలువు ట్యాబ్‌లు ఎడ్జ్‌లో 2021 నుంచీ, ఫైర్‌ఫాక్స్‌లో 2025 నుంచీ ఉన్నాయి. ట్యాబ్ పేర్లు పూర్తిగా చదవగలగడం మీ పనికి నిజంగా ఉపయోగం. ఇరవై ట్యాబ్‌లు పైన ఇరుక్కుంటే గుర్తులు తప్ప పేర్లు కనపడవు. వివాల్డీ అయితే ప్రతి మూలనూ మీ ఇష్టప్రకారం మార్చుకోనిస్తుంది, ఓపికున్నవాళ్లకు అది పండగే. కానీ అందం ఒక్కటే చూసి కొత్త బ్రౌజర్‌ను నెత్తికెత్తుకోకండి. 2023లో ఆర్క్ అనే బ్రౌజర్ అందరికీ అందుబాటులోకి వచ్చింది. దాని రూపాన్ని మెచ్చుకోనివారు లేరు. రెండేళ్లు తిరగకముందే, 2025 మేలో, దానికి ఇక కొత్త సదుపాయాలు చేర్చబోమని తయారుచేసిన సంస్థే ప్రకటించి వేరే బ్రౌజర్ వైపు మళ్లింది. దానికి అలవాటుపడినవాళ్లు ఎంత నొచ్చుకున్నారో ఊహించగలను.

మారిన ఉత్సాహంలో గోప్యత పేరుతో ఉన్న సాధనాలన్నీ పేర్చుకోవాలనిపిస్తుంది, ఆగండి. 2010లో డిజిటల్ హక్కుల కోసం పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ దాదాపు 4,70,000 బ్రౌజర్లను పరిశీలించింది. ఫాంట్లు, తెర కొలత, ప్లగిన్లు, టైమ్ జోన్ లాంటి వివరాలను కలిపి చూస్తే చాలు, కుకీలతో పని లేకుండానే 83.6 శాతం బ్రౌజర్లను విడివిడిగా గుర్తించగలిగారు. అంటే మీ బ్రౌజర్ ఎంత విచిత్రంగా ఉంటే అంత తేలిగ్గా దొరికిపోతుంది. పది మందిలో కలిసిపోయేలా ఉండటమే క్షేమం.

ఫోను గురించి మీరు అడగలేదు, రెండు ముక్కలు చెప్తాను. ఆండ్రాయిడ్ అయితే అక్కడా ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్ ఆరిజిన్ పనిచేస్తుంది. ఐఫోన్ అయితే, ఐరోపా సమాఖ్యలో 2024లో వచ్చినలాంటి మినహాయింపుల సంగతి పక్కనపెడితే, ఏ పేరుతో ఉన్న బ్రౌజరైనా లోపల వెబ్‌కిట్‌తోనే నడుస్తుంది. అక్కడ సఫారీతో సరిపెట్టుకున్నా నష్టం లేదు.

మారడానికి పని తక్కువగా ఉన్న రోజు చూసుకోండి. నెలాఖరులో మొదలుపెట్టకండి. ఫైర్‌ఫాక్స్ మొదటిసారి తెరిచినప్పుడు క్రోమ్ నుంచి బుక్‌మార్క్‌లు తెచ్చుకోమంటారా అని అడుగుతుంది, ఔననండి. ఎక్స్‌టెన్షన్ వెతికేటప్పుడు పేరులో ఆరిజిన్ ఉందో లేదో చూసుకోండి, పోలిన పేర్లతో వేరేవి తిరుగుతుంటాయి. ఒక వారం మీ పోర్టల్‌లన్నీ కొత్త బ్రౌజర్‌లోనే తెరవండి. ఏది మొరాయిస్తే దాని పేరు కాగితం మీద రాసి పెట్టుకుని, ఆ ఒక్కదానికే క్రోమ్ వాడండి. రెండింటికీ అప్‌డేట్లు ఆపకండి. పాస్‌వర్డ్‌లు నేరుగా రాకపోతే క్రోమ్ పాస్‌వర్డ్ మేనేజర్ నుంచి వాటిని ఒక ఫైలుగా దించి ఫైర్‌ఫాక్స్‌లోకి ఎక్కించవచ్చు. ఆ ఫైలులో మీ పాస్‌వర్డ్‌లన్నీ ఏ తాళమూ లేకుండా మామూలు అక్షరాల్లో ఉంటాయి. ఎవరికీ పంపకండి. ఎక్కించడం అయిన వెంటనే దాన్ని తొలగించి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి.